తలుపు అవతలి మనిషి

“మా ఇంట్లోంచి మాత్రం కాదండీ. కావాలంటే ప్రమాణం చేసి చెబుతాను” అంటోంది గది లోపల కూతురు పిచ్చుక.

తలుపు బయట టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. టీ తొణికి వేళ్ళమీద పడింది. చురుక్కుమన్నా గ్లాసు దించలేదు.

ప్రమాణం చెయ్యకే తల్లీ, అనుకుంది మనసులో. ఇంకేమైనా చెయ్యి. ప్రమాణం మాత్రం వద్దు.

“మా ఇంట్లో ఉన్నది నేనూ, మా అమ్మా. నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. మా అమ్మకి ఫోన్లో అలారం పెట్టుకోవడం కూడా రాదు. ఆవిడ ఎవరికి చెబుతుంది? ఏమని చెబుతుంది?”

అవతల స్పీకర్లో ఎవరో తుమ్మారు. వెంటనే ఇంకోసారి. ఆ మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. కూతురితో పాటు ఆ కంప్యూటర్ల పనే చేసే మనిషి. ఈ గుమ్మం పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ విని విని చుట్టంలా అయిపోయింది. తుమ్ములావిడ అని పేరు కూడా పెట్టుకుంది.

ఈరోజు తుమ్ముల తర్వాత ముక్కు చీదిన చప్పుడు, ఆపైన ఏడుపు వినిపించాయి.

“ఆసుపత్రి మిషన్ల కంపెనీలతో మాట్లాడేది నేనే కాబట్టి నేనే చెప్పానంటే ఎలాగండీ? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఒక్క ముక్క జారిందా నా నోట?”

“ఆవిడ చెప్పే మనిషి కాదండీ” అంది పిచ్చుక.

“ఎవరి మీదా నింద వెయ్యడం లేదు.” ఈ గొంతు వాళ్ళ పెద్దది. గంభీరం గారు. ఈ పేరూ ఆవిడ పెట్టుకున్నదే. “కానీ విషయం పొక్కింది. ఎక్కణ్ణుంచో తేలకపోతే అనుమానం ఉన్నవాళ్ళని గుంపులోంచి తప్పించాల్సి వస్తుంది. మధ్యాహ్నం మళ్ళీ కూర్చుందాం.”

తలుపు గబుక్కున తెరుచుకుంది. పక్కకి తప్పుకునే వ్యవధి లేక ఆవిడ టీ గ్లాసు ముందుకు చాపింది.

“వింటున్నావా?” అంది పిచ్చుక.

“టీ తెచ్చా.”

“చల్లారిపోయింది.”

“వేడిచేస్తా. ఏమయిందే? ఉద్యోగం పోయిందా? పోలీసులొస్తారా?”

“అమ్మా, ఎప్పుడూ పోలీసుల దాకా వెళ్ళిపోతావేం?” పిచ్చుక కుర్చీలో కూలబడింది. తలకి నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో. కళ్ళకింద చారలు. “ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు ఇంటర్నెట్లో కష్టసుఖాలు చెప్పుకునే ఫోరం ఒకటుంది. అందులో ఎవరో ఒక ప్రశ్న అడిగారు. కంప్యూటర్లో ఫలానా భాగం ఆపేస్తే పడక పక్కన ఉండే మిషన్లకి ఇబ్బందేమైనా ఉంటుందా అని. అది మేము దిద్దుతున్న భాగమే, అమ్మా. దాని పేరు మా గుంపు దాటి ఎవరికీ తెలియకూడదు.”

ఆవిడ కొంగుతో గ్లాసు అంచు తుడిచింది.

“ప్రశ్న అడిగితే తప్పేముంది?”

“ఇన్నాళ్ళూ ఎవరూ కన్నెత్తి చూడని భాగం గురించి ఇప్పుడే ఎందుకడిగారని కంప్యూటర్లలోకి చొరబడే దొంగలు ఆలోచిస్తారు. వాళ్ళకి ఎక్కడ తవ్వాలో తెలిస్తే చాలు. మా గుంపులో ఒకావిణ్ణి అనుమానిస్తున్నారు. నాకు తెలుసు, ఆవిడ చెప్పలేదు. పాపం, ఏడుస్తోంది.”

ఆవిడ గ్లాసు తీసుకుని వంటగదిలోకి నడిచింది. స్టవ్ వెలిగించి, టీ బదులు ఖాళీ గిన్నె పెట్టింది. గిన్నె మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది.

*

చెప్పింది తనే.

పోయిన శుక్రవారం పిచ్చుక గదిలో కిటికీ కింద బల్లమీద మూత ఊడదీసిన మిషన్ ఒకటి చూసింది ఆవిడ. చూడగానే పోల్చుకుంది. భర్త మంచం పక్కన గుండె కొట్టుకోవడం గీతలు గీసి చూపిస్తూ ఉండే మిషన్ సరిగ్గా అలాంటిదే. ఆవిడ చూస్తుండగానే బల్లమీది మిషన్లో గీత పాకుతూ పాకుతూ టక్కున ఆగిపోయింది. పిచ్చుక ఫోన్లో అంది: “చూశారా? బయటినుంచి చిన్న ప్రోగ్రాము ముక్క పంపానంతే, చచ్చిపోయింది. ఇవే ఆసుపత్రుల్లో మంచాల పక్కన ఉన్నాయి. మంగళవారం దాకా ఎవరికీ తెలియకూడదు.”

అంత మాట విన్నాక ఏ ఇల్లాలు నిమ్మళంగా కూర్చుంటుంది?

ఆసుపత్రికి బస్సెక్కింది. పిచ్చుక ఫోన్లో మాటిమాటికీ అన్న ఆ భాగం పేరు, పలకడానికి నోరు తిరగని పేరు, మర్చిపోతానేమోనని మందు పేరు వల్లెవేసినట్టు దారి పొడుగునా అనుకుంటూనే కూర్చుంది. పక్కసీటాయన ఒకసారి అనుమానంగా చూసి వేరే సీటులోకి మారాడు కూడా. వరండాలో కొడుకుని పట్టుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పగించింది. పెద్దాడిది ఆ ఆసుపత్రిలోనే కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. వాడికి చెబితే వాడే చూసుకుంటాడనుకుంది. చెప్పాక గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ఆ బండ ఇప్పుడు తుమ్ములావిడ నెత్తిన పడింది.

*

పెద్దాడు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు. వెనకాలే కోడలు, చేతిలో ఖాళీ క్యారేజీ.

“ఏం పిచ్చుకా, చాలా పెద్దదానివయ్యావు!”

“నాన్నకెలా ఉంది?” అంది పిచ్చుక.

“నాన్న సంగతి నీకు కావాలా?”

“చెప్పులు విప్పరా ముందు” అంది తల్లి. “మొహం కడుక్కో. టీ పెట్టనా? పాలు ఉన్నాయో విరిగాయో, నువ్వొచ్చి చూడు. ఇటు రా, వంటగదిలోకి.”

అంటూనే కొడుక్కి కళ్ళతో సైగ చేసింది. వాడు చూడలేదు. ఇంకొంచెం గట్టిగా చేసింది.

“అత్తయ్యా, కంట్లో నలకేమైనా పడిందా?” అంది కోడలు. “కళ్ళెందుకలా టపటపలాడిస్తున్నారు? ఉండండి, ఊదుతాను.”

“నలకా లేదు, గిలకా లేదు. నువ్వూరుకో.”

పెద్దాడు బల్ల మీద చేత్తో కొట్టాడు. “నాన్న మంచం పక్కనున్న మిషన్‌కి చిల్లుందని తెలుసు. తెలిసీ ఆ మంచం పక్కనే కూర్చుని యాపిల్ ముక్కలు కోసి పెట్టావు. పక్కగదిలో నేనున్నాను. నీ సొంత అన్నని. ఆ మిషన్లకి కాపలా మనిషిని. ఒక్క మాట చెప్పాలనిపించలేదూ?”

పిచ్చుక అన్న మొహంలోకి చూసింది. “నీకెవరు చెప్పారు?”

పెద్దాడు అప్పుడు వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు.

 

“ఫోరంలో ఆ ప్రశ్న అడిగింది నువ్వేనా, అన్నయ్యా?”

“అడిగితే? ఏం పాడైంది? ఆ భాగం ఆపితే గుండె గీత ఆగిపోతుందేమోనని భయపడ్డాను. తెలీకుండా ఆపేసి ఎవరి ప్రాణం మీదికైనా తెమ్మంటావా? నలుగుర్ని అడిగి చెయ్యడం తప్పా?”

“పేరు పెట్టి అడిగావు. దొంగలకి వీధీ ఇల్లూ చెప్పావు.”

“చిల్లు పెట్టుకున్నది మీరు. అడిగినందుకు దొంగనయ్యింది నేను!”

“చిల్లు మేం పెట్టలేదు. ఎవరో ఎప్పుడో రాసిందది. నేను పూడుస్తున్నాను.”

“పూడిస్తే చెప్పరేం?”

“అందరి చేతికీ మందు అందేదాకా రోగం పేరు చెప్పం. అదే మా పద్ధతి. దిద్దినదాన్ని కూడా దిద్దామని రాయం, చిన్న సర్దుబాటు అని రాసి ఊరుకుంటాం. మంగళవారం అన్ని కంపెనీలూ ఒకేసారి విడుదల చేస్తాయి. ఆ తర్వాతే నోరు విప్పుతాం. మా అన్న కాబట్టి ముందు చెప్పానంటే, ఇంకొకళ్ళు వాళ్ళ బావ కాబట్టి చెబుతారు. ఇంకొకళ్ళు వాళ్ళ తోడల్లుడు కాబట్టి చెబుతారు.”

“ఆహా! అంటే నాన్న కూడా మంగళవారం దాకా ఆగాలన్నమాట.”

ఆ మాట పిచ్చుకకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ బయటికి రానివ్వలేదు.

కోడలు క్యారేజీ కింద పెట్టింది. బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి కావడంతో ఎంత రభసలోనైనా ఒక ప్రశ్న అడగగలదు. “నాకు అర్థమయ్యేలా చెప్పు, పిచ్చుకా. ఇంతకీ చిల్లంటే ఏమిటి?”

“ఇప్పుడు పాఠం కావాల్సొచ్చిందా?” అన్నాడు మొగుడు.

“మీరు అరుస్తున్నది దేని గురించో నాకు తెలియద్దా?”

పిచ్చుక నుదురు రుద్దుకుంది. “మన మేడమీది గదిలో అద్దెకుండి వెళ్ళినాయన గుర్తున్నాడా, వదినా? ఖాళీ చేసి వెళ్ళాడు గానీ తాళంచెవి ఒకటి జేబులో ఉండిపోయింది. తర్వాత కొత్తవాళ్ళు దిగారు. ఆ పాత తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చేస్తే? కంప్యూటర్లోనూ అంతే. ఏ ప్రోగ్రాముకి ఎంత చోటివ్వాలో, ఎప్పుడు ఖాళీ చేయించాలో చూసేది కెర్నెల్. అందరికీ గదులిచ్చే ఇంటిపెద్ద అనుకో. గది ఖాళీ చేయించింది గానీ తాళంచెవి వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది. దాంతో ఎవడైనా లోపలికి రావచ్చు. నేను చేసింది ఇంతే, తాళంచెవి చేతికొచ్చాకే గది వదలమన్నాను.”

“మరి అయిపోయిందిగా?”

“కొత్త కెర్నెళ్ళకి అయిపోయింది. ఆసుపత్రి మిషన్లలో ఉన్నది పాతది. అందులో ఇదే దిద్దుబాటు పెడితే రెండు పనులు నువ్వు ముందంటే నువ్వు ముందని గుమ్మంలో నిలబడిపోతున్నాయి. మిషన్ బిగుసుకుపోతోంది. దాన్ని విడదీసే పనిలోనే ఉన్నాను. అందుకే ఆ మిషన్ తెచ్చిపెట్టుకున్నాను గదిలో.” అన్నవైపు తిరిగింది. “నాన్న మిషన్ కోసమే కూర్చున్నాను. ఇప్పుడు చెప్పు, నీకెవరు చెప్పారు?”

పెద్దాడు నేల చూశాడు. గోడ చూశాడు. ఎటు చూసినా తల్లివైపు మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడంలోనే కోడలికి అంతా తెలిసిపోయింది. మెల్లిగా వెళ్ళి అత్తగారి పక్కన నిలబడింది.

“నేనే చెప్పాను” అంది తల్లి.

పిచ్చుక అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఆ పేరు కూడా నువ్వే చెప్పావా?”

“ఊఁ.”

“ఎలా గుర్తుందమ్మా నీకు?”

“బస్సులో అనుకుంటూ వెళ్ళా.”

పిచ్చుక నవ్వింది. నవ్వులాంటిది వచ్చి మధ్యలో విరిగింది. “మా వాళ్ళలో సగం మంది ఆ పేరు ఒక్కసారికి సరిగ్గా పలకలేరు. నేను పొద్దున్న ఏమన్నానో విన్నావుగా? మా అమ్మకి ఏం తెలుసునన్నాను. ప్రమాణం చేస్తానన్నాను.”

“మీ నాన్న మంచం పక్కన అదే మిషన్ కదే... చచ్చిపోయిందన్నావు కదే...”

“నన్నడగొచ్చుగా?”

“అడిగితే చెబుతావా?”



పెద్దాడే ముందు తేరుకున్నాడు. గొంతు తగ్గింది. “సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నువ్వెళ్ళి మా అమ్మే అని చెప్పావనుకో, నిన్ను తీసేస్తారు. నిన్ను తీసేస్తే పాత కెర్నెల్ ఎవరు చూస్తారు?”

“చూసేవాళ్ళు లేరు.”

“మరింకేం? ఊరుకో. మంగళవారం దాటాక చెప్పుకో. ఆవిడెవరో తర్వాత అర్థం చేసుకుంటుందిలే. నాన్న కన్నా ఎక్కువా?”

ఆ మాట తల్లికి చల్లగా తగిలింది. నిజమే కదా. ఎవరి ఇంటి గుట్టు వాళ్ళు కాపాడుకోరూ? రెండు రోజులు నోరు మూసుకుంటే కూతురి ఉద్యోగం నిలుస్తుంది, భర్త ప్రాణం నిలుస్తుంది. తనెరగని మనిషి కోసం ఇవన్నీ ఎందుకు వదులుకోవాలి?

ఎరగని మనిషా?

ఎన్నాళ్ళనుంచో ఈ గుమ్మం పక్కన కూర్చుని ఆ తుమ్ములు వింటోంది తను. వాన పడితే ఎక్కువవుతాయి. మొన్నటికి మొన్న పిచ్చుకకి జ్వరమొస్తే, పని నేను చూస్తాను పడుకో తల్లీ, అన్నది ఆ గొంతే. నల్లజీలకర్ర మూటకట్టి వాసన చూడమనవే ఆవిణ్ణి, అని తను కూతురితో చెప్పబోయి, వింటున్నానని తెలిసిపోతుందని మానేసింది.

లోపల కంప్యూటర్ గణగణ మోగింది. గుంపంతా మళ్ళీ కూర్చునే వేళయింది.

పిచ్చుక లేచింది. అన్నవైపు చూసింది, తల్లివైపు చూసింది. ఏం చెప్పబోతోందో మొహంలో తెలియలేదు. బహుశా ఆ పిల్లకే తెలియదు. లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

*

తలుపు పక్కన తన మామూలు చోట ఆవిడ కూర్చోలేదు.

తలుపు తోసుకుని లోపలికి నడిచింది. స్క్రీన్ మీద చిన్నచిన్న గళ్ళలో మొహాలు. ఇన్నాళ్ళూ గొంతులుగా తెలిసినవాళ్ళకి మొహాలున్నాయి! గంభీరం గారు అనుకున్నంత పెద్దవాడేం కాదు, బక్కపల్చటి మనిషి. కింద మూలగడిలో ముక్కు ఎర్రబడి, చేతిలో రుమాలుతో ఉన్నావిడ ఎవరో చెప్పక్కర్లేదు.

“అమ్మా, బయటికెళ్ళు” అంది పిచ్చుక లోగొంతుకతో.

“ఉండవే.” ఆవిడ కొంగు భుజం చుట్టూ లాక్కుని కూతురి కుర్చీ వెనక నిలబడింది. ఎటు చూసి మాట్లాడాలో తెలియక స్క్రీన్‌ని కాక కిటికీ కింద మిషన్‌ని చూస్తూ మొదలుపెట్టింది. “అయ్యా, నమస్కారం. నేను ఈ పిల్ల తల్లిని. మీ మాట బయటపెట్టింది నేను. తలుపు పక్కన కూర్చుని విన్నాను. మా అబ్బాయికి చెప్పాను. వాడు మంచికే అడిగాడు. ఆవిడ...” వేలు స్క్రీన్‌కి తాకేంత దగ్గరగా పెట్టి మూలగడి చూపించింది. “ఆవిడకేం తెలియదు. ఆవిణ్ణి ఏడిపించకండి. మా పిల్లకి కూడా తెలియదు. పొద్దున్న అది అబద్ధమాడలేదు, నేను చెప్పలేదు కాబట్టి దానికి తెలియలేదు.”

 మూలగడిలో తుమ్ము వినిపించింది.

“చిరంజీవ” అంది ఆవిడ అలవాటుగా.

గంభీరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మా, మీరు చెప్పినందుకు సంతోషం. కానీ మా నియమం ఒకటుంది. ఎవరి ఇంట్లోంచి పొక్కితే వాళ్ళు గుంపులో ఉండకూడదు. తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది మేం చూడం. అమ్మాయికి తెలుసు.”

“తెలుసండీ” అంది పిచ్చుక. కీబోర్డు మీద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మరి పాత కెర్నెల్?” తుమ్ములావిడ గొంతు పొద్దున్నలా లేదు. “అది ఈ పిల్ల తప్ప ఎవరూ విప్పలేరు. ఇప్పుడు కొత్తవాళ్ళని కూర్చోబెడితే అసలు విషయం అర్థమయ్యేసరికే మంగళవారం దాటిపోతుంది. ఇప్పటికే వాసన పట్టినవాళ్ళు తవ్వుతున్నారు. మంచాల పక్కన మిషన్లు ఉత్తినే వదిలేద్దామా?”

“నియమం...”

“పొద్దున్న ఆ నియమం నా మెడకే చుట్టబోయారు. అప్పుడు ఈ పిల్ల ఒక్కతే నా తరఫున మాట్లాడింది. ఇప్పుడు నేను మాట్లాడతాను.” ముక్కు తుడుచుకుంది. “కావాలంటే ఏదైనా షరతు పెట్టండి. పిల్లని మాత్రం ఉంచండి.”

గంభీరం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. 

“ఒక్కటే షరతు” అన్నాడు చివరికి. “మంగళవారం దాకా ఆ ఇంట్లో, తలుపు అవతల, ఎవరూ ఉండకూడదు.”

పిచ్చుక మొహం ఎర్రబడింది. “మా అమ్మని ఇంట్లోంచి పొమ్మని చెప్పనండీ. కావాలంటే నన్ను తీసేయండి.”

“నువ్వు చెప్పేదేమిటి?” అంది తల్లి. “నేనే వెళ్తా.”

“ఎక్కడికెళ్తావు?”

“మా ఇంటికి రండి అత్తయ్యా” అంది గుమ్మంలోంచి కోడలు. ఆ మాటతో గళ్ళలోని వాళ్ళందరికీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారో తెలిసిపోయింది. గంభీరం గారు కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ ఆలోచించింది. కొడుకింట్లో కొడుకుంటాడు. ఇంకా ఏం విన్నావమ్మా, అని అడుగుతాడు. అడిగితే తను చెబుతుంది. తన సంగతి తనకి తెలియదూ?

“వద్దు. మీ మామయ్య దగ్గర కూర్చుంటా.”

*

“ఏమోయ్, మళ్ళీ వచ్చావా?” అన్నాడు భర్త, ఆవిడ సంచీ కింద పెట్టగానే. “నువ్వు పక్కనుంటే బీపీ పెరుగుతోందని కదా నర్సు నిన్ను ఇంటికి పంపించింది?”

“ఈసారి మాట్లాడను.”

“అయితే నీకు ఒంట్లో బాగాలేదన్నమాట. లే, నువ్వు పడుకో మంచం మీద.”

సాయంత్రపు ఎండ కిటికీ తెర సందులోంచి దుప్పటి మీద పడుతోంది. మంచం పక్కన మిషన్ తన మానాన తాను గీత గీస్తోంది. ఎక్కుతోంది, దిగుతోంది. ఆవిడ దానికేసి చూడకూడదనుకుంది. చూస్తూనే ఉంది.

“పిచ్చుక తిన్నదా?”

“తింటుంది.”

“పెద్దాడెందుకో పొద్దున్న రుసరుసలాడుతూ వెళ్ళాడు.”

“ఏమో.”

“ఏమో?” ఆయన తలగడ మీంచి తల కొంచెం ఎత్తాడు. కెర్నెల్ అంటే ఇంటిపెద్ద అని పిచ్చుక మొదటిసారి చెప్పిననాడు, అయితే మన ఇంటి కెర్నెల్ మీ అమ్మే, కాకపోతే దీనికి నోరుంది, అని పగలబడి నవ్విన మనిషి ఆయన. ఇన్నేళ్ళ కాపురంలో భార్య నోట ‘ఏమో’ అన్న మాట ఎన్నడూ వినలేదు. “ఏమైందే? ఆ మిషన్ కేసి ఎందుకలా చూస్తున్నావు? నాకేమైనా అవుతుందని డాక్టరు నీకు ముందే చెప్పాడా?”

“మీకేం కాలేదు. పడుకోండి.”

“ఒట్టు?”

ఆవిడ దుప్పటి సర్దింది. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

పక్క మంచం దగ్గర మనిషి ఈవిణ్ణి చూసి మొహం విప్పార్చుకుని లేచి వచ్చింది. తన భర్తకి ఊపిరితిత్తులు బాగాలేక ఆ మనిషి వారంగా ఇక్కడే ఉంటోంది. మొన్నటిదాకా ఇద్దరూ బిస్కట్లు పంచుకుని, కోడళ్ళ సంగతులు పంచుకుని, పొరుగువాళ్ళలా అయ్యారు.

“మీరొచ్చారు, బతికించారు” అంది, స్టూలు దగ్గరగా లాక్కుంటూ. “మీకోసమే చూస్తున్నా వదినగారూ. మా ఆయనకి రాత్రికి మిషన్ పెడతామంటున్నారు. అదిగో, అన్నయ్యగారి పక్కన ఉందే, అదే రకమట. ఊపిరి ఎలా ఆడుతోందో కూడా అదే కనిపెట్టి చూస్తుందట. నాకేమో కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. డాక్టరు చెప్పేదొకటీ బుర్రకెక్కదు.”

“డాక్టర్లకి తెలుసు కదండీ...”

“వాళ్ళకి తెలిసేది వాళ్ళకి తెలుస్తుంది. మీ అమ్మాయిది ఈ మిషన్ల లోపలి పనే అని మీరేగా చెప్పారు? అందరి మిషన్లలోనూ మా అమ్మాయి చెయ్యి ఉంటుందని ఎంత మురిసిపోతూ చెప్పారు!”

చెప్పింది. ఆ మాట కూడా తనే చెప్పింది.

ఆవిడ చేతిని పక్క మంచం మనిషి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి. భయపడే మనిషి చేతులు ఎలా ఉంటాయో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

“నాకున్నది ఆయనొక్కడే వదినగారూ. మీరు నాకు అబద్ధం చెప్పరు. ఆ మిషన్ మంచిదేనా? మీరు ఊఁ అంటే నేనూ ఊఁ అంటాను. వద్దంటే, వాళ్ళు ఎంత చెప్పినా ఒప్పుకోను.”

మిషన్ గీత ఎక్కింది, దిగింది. అవతల ఎక్కడో తలుపు మూసుకున్న గదిలో, తలుపు బయట ఎవరూ లేకుండా, పిచ్చుక ఒంటరిగా కూర్చుని ఉంది.

ఊఁ అంటే ఏమవుతుందో తెలియదు. ఊహూఁ అంటే ఏమవుతుందో అంతకన్నా తెలియదు. ఎందుకు అని ఆ మనిషి ఇంకొక్క ప్రశ్న వేస్తే, దానికి జవాబు నాలుక చివరే ఉంది.

తలగడ మీంచి భర్త కూడా ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

“చెప్పండి” అంది పక్క మంచం మనిషి.

ఆవిడ నోరు తెరిచింది.